నల్లబండ కట్ట మీద అక్కాచెల్లెళ్లు

యమునను పోయినవారం మనం పుంగనూరు బస్టాండులో నిలబెట్టి వచ్చాం. చేతిలో ఉత్తర్వు ఉంది, కట్ట కోసే యంత్రమే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు. గంట కొట్టేవాడు మాత్రం కుప్పం వెళ్లిపోయాడు.

చింతేటికి అడ్డంగా నల్లబండ కట్ట వేసి యాభై ఏళ్లయింది. వేసిన కొత్తలో బాగానే నిండింది, బాగానే పండింది. తర్వాత కొండల మీంచి ఏటేటా కొట్టుకొచ్చిన ఒండ్రు లోపల మేట వేసి, పాత తూమును కూడా పూడ్చేసి, నీళ్లుండాల్సిన చోటంతా నేలైపోయింది. గట్టి వాన పడితే కట్ట దగ్గర మడుగు నిలుస్తుంది. అది నిండితే మిగులు నీళ్లు పక్కనున్న మొరవ, అంటే అలుగు మీదుగా పొర్లి, వేరే వంకలో పడి ఎటో పోతాయి. కట్ట కిందున్న ఏటిగడ్డపల్లెకు చుక్క రాదు. ఒకప్పుడు పిల్లలు ఈత నేర్చుకున్న చోట ఇప్పుడు బండలు తేలాయి. బావులు ఎండాయి, బోర్లు దుమ్ము కక్కాయి. ఆ ఊళ్లో పాలకేంద్రం నడిపే యమున నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. కట్ట మాది కాదని ఒక ఆఫీసువాళ్లు, మాదసలే కాదని ఇంకో ఆఫీసువాళ్లు. యాభై ఏళ్లు ఏటిని కదలకుండా కట్టేసిన కట్టకు తల్లీ లేదు, తండ్రీ లేడు. చివరికి ఎవరో ఇంజనీరు వచ్చి, కట్టకు బీటలు వారాయి, ఉంచితే ప్రమాదం అని రాసి పోయాక గాని, దాన్ని తీసేయమని ఉత్తర్వు రాలేదు.

ఉత్తర్వు వచ్చాక యంత్రం రావాలి. సోమవారం వస్తుందన్న పొక్లెయిను మదనపల్లెలో ఇళ్ల ప్లాట్లు చదును చేయడానికి పోయింది. అక్కడినుంచి కుప్పంలో ఎవరికో గుంత తవ్వడానికి పోయింది. ఆ యంత్రం చూసినన్ని ఊళ్లు యమున పుట్టి చూడలేదు.

ఈ వారం, నమ్మితే నమ్మండి, అది వచ్చింది.

తెల్లవారి పాలు పోయించుకుంటుండగా పెద్ద లారీ మీద పసుపుపచ్చ యంత్రం ఊరి ముందు నుంచి కదిలి పోవడం చూసి, యమున కొలపాత్ర పక్కవాళ్ల చేతిలో పెట్టి పరుగెత్తింది. మైలు దూరం పరుగులాంటి నడక నడిచి కట్ట చేరేసరికి యంత్రం లారీ దిగి ఉంది. దాన్ని నడిపే ఎల్లప్ప బీడీ కాలుస్తున్నాడు. ఏఈ నారాయణస్వామి జీపు దిగి, కళ్లజోడు తుడుచుకుంటూ కట్ట వైపు చూస్తున్నాడు. అంతా ఉన్నారు. పని మాత్రం జరగడం లేదు.

"ఏం సార్, ఇంగేమి ఆలస్యం?"

నారాయణస్వామి కట్ట మీదికి చెయ్యి చూపించాడు.

కట్ట నడిమధ్యన, సరిగ్గా కోత మొదలుపెట్టాలని సున్నం గీత గీసిన చోట, ఒక టమాటా క్రేటు బోర్లించి ఉంది. దాని మీద కొంగు బిగించి కూర్చున్న మనిషి యమున సొంత అక్క మునిలక్ష్మి. ఆమె వెనక కట్టకు పైనున్న మేకలవారిపల్లె ఆడవాళ్లు, ఒక్కొక్కరు ఒక్కో క్రేటు తెచ్చుకుని, పెళ్లికి వచ్చినట్టు బారుగా కూర్చున్నారు.

యమునకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లలో గుమాస్తాల చేత మాట పడింది, మినిస్టరు ఊరికి వస్తే పోలీసు చేత తోపులు పడింది. అన్నీ దాటి ఒడ్డుకొచ్చాక అడ్డం కూర్చున్నది ఎవరయ్యా అంటే, చిన్నప్పుడు తనకు జడ వేసిన మనిషి! అక్కను మేకలవారిపల్లెకు ఇచ్చారు. యమునను ఊళ్లో సంబంధానికే ఇచ్చారు గనుక పుట్టిన ఊళ్లోనే ఉండిపోయింది. కట్టకు అటు ఒకరు, ఇటు ఒకరు. అర్జీ పెట్టిన సంగతి తెలిసినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

గట్టెక్కి ఎదురుగా నిలబడింది.

"అక్కా, లెయ్."

"ఎవురికమ్మా అక్క? అర్జీ పెట్టేటప్పుడు గెవనం రాలేదా ఈ అక్క?"

"అర్జీ నీ మీద పెట్టలేదు. కట్ట మీద పెట్టినా."

"కట్ట మీద నేనే గదా ఉండేది! సూడు, కండ్లు కనపడలేదా?"

వెనక ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. యమున పళ్లు బిగించి, గొంతు తగ్గించింది.

"ఒగేసారి పగలగొట్టరక్కా. నడిమధ్యన రవంత రవంత కోస్తారు. ఒండ్రు మెల్లింగా దిగతాది. ఏరు పోయే దావ మటుకే పోతాది, అంచుల్లో మీ పంట కయ్యలు నిలుస్తాయి. పోయినోళ్లకి బదులు భూమి ఇస్తామన్నారు. నిరుడే మీ ఊర్లో మీటింగు పెట్టి ఇదంతా సెప్పినారు గదా, ఇప్పుడొచ్చి కూసుంటే ఎట్లా?"

మునిలక్ష్మి ముఖంలో వెటకారం పోయి, నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"ఏ మీటింగు?"

"అదే... మీ స్కూలు కాడ పెట్టినారంట గదా."

మునిలక్ష్మి వెనక్కి తిరిగింది. "బయ్యమ్మా, మీటింగంట. నువ్వేమన్నా పోయినావా?"

"నాకి తెలిసిన మీటింగు పోలియో సుక్కలదే," అంది బయ్యమ్మ. "దానికీ బిడ్డల్నెత్తుకోని పోయినోళ్లే గాని, మనల్ని అడిగినోళ్లు లేరు."

"మాకి తెల్లారి మిషను సప్పుడు ఇనపడింది," అంది మునిలక్ష్మి. "ఇదీ మాకి అందిన కబురు."

యమున గట్టు దిగి నేరుగా జీపు దగ్గరికి పోయింది. "సార్, పైనోళ్లతో మాట్లాడేసినాం, నువ్వేం దిగులు పడొద్దంటిరి. వాళ్లకి ఏమీ తెలీదంటాండారు!"

"నేననలేదమ్మా. నాకు ముందున్నాయన అని ఉంటాడు. ఆయన మాట్లాడే ఉంటాడు."

"మాట్లాడే ఉంటాడా!"

"ఫైల్లో మాట్లాడినట్టే ఉంది మరి. నన్నేం చేయమంటావు?" నారాయణస్వామి గొంతులోనూ విసుగే. వచ్చి రెండు నెలలు కాలేదు, ముందున్నాయన చేసినవీ చేయనివీ అన్నీ నెత్తిన పడ్డాయి. "ఆడవాళ్లను ఈడ్చేయడానికి నాకు అధికారం లేదు. అక్కాచెల్లెళ్లు మీరే తేల్చుకోండి. నేను రెండు ముద్దలు తిని వస్తాను. పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే ఇంతవరకు కాఫీ కూడా లేదు."

ఆయన జీపులో కూర్చుని టిఫిను డబ్బా మూత తీశాడు. యమున ఒక్క క్షణం ఆ పెరుగన్నం వంకే చూసింది. దాన్ని లాక్కుని మడుగులో విసిరేయాలన్నంత కోపం వచ్చింది. కాని ఆకలి ఎవరిదైనా ఆకలే. మళ్లీ గట్టెక్కింది.

ఈసారి అక్క ఎదురుచూస్తూ ఉంది. అడగాల్సింది సిద్ధం చేసుకుని ఉంది.

"ఒగ మాట సెప్పు యమునా. మొన్నటి కరువులో మీ ఊర్లో సగం ఆవుల్ని సంతకు తోలుకుపోయినారు. నీ ఆవులు పోయినాయా?"

యమున చూపు పక్కకు తిప్పుకుంది.

"సెప్పుమే! నీ బావ ట్రాక్టరు కట్టుకోని వచ్చి మీ దొడ్లో దించిపోయినాడే పచ్చగడ్డి, అది యాడిది? ఈ ఒండ్రులో మొలిసింది కాదా? మూడెండకాలాలు నీ ఆవుల్ని మేపింది ఈ కట్ట. ఇప్పుడు కట్టనే కొడతానంటాండావు."

అది నిజం. ఆ గడ్డి లేకపోతే యమున కొట్టంలో గుంజలు మాత్రమే మిగిలేవి. నిజాన్ని ఎదురుగా పెట్టి అడిగినప్పుడు కోపం ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

"తిన్న్యాయి. నేను కాదన్నానా? ఆ గడ్డి తిన్న ఆవులకి తాపేదానికి నీళ్లు లేకపోయెనే, అది తెలుసునా నీకి? మా అత్త నంజమ్మ ఈ వయసులో బిందె ఎత్తుకోని చౌడేపల్లె రోడ్డుకాడ ట్యాంకరు కోసరం కొట్లాడింది. పడి తుంటి ఇరగ్గొట్టుకోని ఇప్పటికీ మంచంలో ఉండాది. మనమ్మ ఉతికిన ఏరక్కా అది! నువ్వూ నేనూ మునిగిన మడుగులో ఈ పొద్దు ముండ్లచెట్లు మొలిసినాయి. అది నీ పుట్టినూరు కాదా?"

మునిలక్ష్మి క్రేటు మీంచి లేచింది.

"నా పుట్టినూరు అదే. అయితే నేను సచ్చేది ఈడ. నీకి ఏరు పోయింది, వాళ్లకి ఊరే పోయింది. ఈ కట్ట కట్టేటప్పుడు మా మామది ఇల్లు మునిగింది, భూమి మునిగింది. ఒగ్గ సెంటు ఎవురూ ఇయ్యలా. కొండెక్కి గుడిసేసుకోని, వాళ్ల సేను మీద వాళ్లే పుట్టిలో తిరిగినారు. ముప్పై ఏండ్లకి ఒండ్రొచ్చి ఆ సేనే మళ్లీ తేలింది. యాడ గట్టుండెనో ఆడే గట్టేసుకున్యాడు ముసలాయన. ఒగసారి నీళ్లలో పోయింది. ఇంగోసారి నీళ్లతో పోవల్లనా? రా, నీ కండ్లతో సూద్దువు రా, ఏం కొట్టేస్తాండావో!"

చెల్లెలి మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. చిన్నప్పుడు బడికి లాక్కుపోయినట్టే, అడగలేదు, ఆగలేదు.

కట్టకు లోపలి వైపు దిగితే, మొన్న కురిసిన వానకు నిలిచిన మడుగు అంచునుంచే టమాటా మొదలు. మడుగు ఎర్రగా, నిండుగా, ఇంకో జానెడు పెరిగితే మొరవ దాటేటట్టుంది. దాని పక్కన కట్టెలు నాటి పురితాళ్లు బిగించిన సాళ్లు, గుత్తులు గుత్తులుగా కాయ. మదనపల్లె మండీలో ఇటువంటి కాయ కనబడితే వ్యాపారులు మోచేతులతో తోసుకుంటారు. యమున ఒక కాయ పట్టి చూసింది. తను ఇన్నాళ్లూ ఉత్తర్వులో ‘ఒండ్రు’ అని ఒక్క మాటగా చదువుకున్నది ఇదా అనిపించింది.

సాళ్ల చివర, కట్టకు బాగా దగ్గరగా, తాటాకులు పరిచిన చోట ఒక ముసలాయన వంగి ఏదో చేస్తున్నాడు. ఆయన మునిలక్ష్మి మామ ఓబులప్ప. వీళ్ల వైపు వీపు పెట్టి ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, తిరక్కుండానే అన్నాడు.

"మునిలక్ష్మీ, ఇంగో గంప రాళ్లు తేమ్మా. ఏసేది ఏసినట్టే మింగేస్తాండాది ఇది."

మణికట్టు మీద అక్క పట్టు సడలింది.

యమున చెయ్యి విడిపించుకుని ముందుకు పోయింది. ఓబులప్ప చూసి గతుక్కుమని తాటాకు అడ్డం లాగబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. తాటాకు కింద నేల లేదు. బావంత వెడల్పున గుంత. అంచున రెండు టమాటా సాళ్లు, కట్టెలతో సహా, తలకిందులుగా లోపలికి వాలి ఉన్నాయి. అడుగున చింతకొమ్మలు, ఇసుక మూటలు, రాళ్లు, వాటి సందుల్లోంచి బుడబుడమని గాలి బుడగలు.

"ఏంది మామా ఇది?"

"ఏం లేదు పాపా. ఎలకబొక్క."

"ఎలకబొక్కా! ఏనుగు దిగతాది దీంట్లో!"

యమున ఒక అడుగు వెనక్కి వేసింది. పాత తూము సరిగ్గా ఈ వరసలోనే పూడిపోయిందని ఆమెకు తెలుసు. కట్ట అడుగునుంచి అవతలికి పోయే రాతి కాలువ అది. పైకప్పు కూలి, ఒండ్రు దాంట్లోకి దిగుతోంది. కట్టను ఎవరూ కోయనక్కర్లేదు. కట్టే తనను తాను లోపల్నుంచి తినేస్తోంది.

అక్క వైపు తిరిగింది. "ఎప్పట్నించి?"

మునిలక్ష్మి తల దించుకుంది. "దసరా ముందు గిన్నెంత ఉండె."

"దసరా ముందునించి! పూడ్సుకుంటా, తాటాకులు కప్పుకుంటా కూసున్యావా?"

"సెప్తే ఏమవుతాది? ఇంగా బిరీన మిషను తెస్తారు. ఈ కోత ఒగటి దాటితే..."

"ఈ కట్ట ఒగేసారి తెగితే కింద ఎవురుండారక్కా? నేనుండా. మంచంలో కదల్లేని ముసిల్దుండాది. నీ పుట్టింటి దేవుడిల్లు ఉండాది. యాభై ఏండ్ల బురద మా నెత్తిన పడతాదే! నేను నీకి పగదాన్నా?"

"కాదుమే! కాదు!" మునిలక్ష్మి గట్టిగా అరిచి, అంతలోనే ఏడ్చేసింది. "దినామూ తెల్లారేటప్పటికి ఈడకొచ్చి సూస్తాండా. నిద్ర పట్టదు. సెప్పల్లనుకుంటా, సేను సూస్తే నోరు రాదు. నిన్నట్నించి మట్టి ఏసిందేసినట్టే పోతాండాది. అందుకే ఈ పొద్దు కట్ట మీద కూసున్యా. కట్ట మీద మిషను అదిరితే ఇది ఇంగా జారతాదని బయమేసింది. నీ మీద పంతానికి కాదు."

అదీ సంగతి. అడ్డం కూర్చున్నది పంతంతో అనుకుంటే, కూర్చున్నది భయంతో. ఆ మాట ముందే అని ఉంటే సగం పొద్దు కలిసొచ్చేది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, నోరు విప్పాల్సిన చోట బిగించడం, బిగించాల్సిన చోట విప్పడం ఇంటి విద్య. యమున అక్కను తిట్టలేదు, ఓదార్చలేదు. అంత తీరిక లేదు. పైట నడుముకు చుట్టి జీపు దగ్గరికి పరుగెత్తింది.

నారాయణస్వామి చెయ్యి కడుక్కుంటున్నాడు.

"సార్, లోపల గుంత పడింది. తూము మీద. రండి."

"తూమా? తూము ఎస్టిమేట్లో లేదే. పూడిపోయింది, పరిగణించనక్కర్లేదని ముందున్నాయన..."

"సార్! ముందున్నాయన్ని మా వాకిట్లో పెట్టి పూజ సేస్తా గాని, ముందు మీరు రండి!"

ఆ గొంతు విని ఆయన చెయ్యి తుడుచుకోకుండానే కదిలాడు. గట్టు ఎక్కి దిగి, గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాడు. మనిషి రంగు మారిపోయింది. లేచి కట్టకు అవతలి వైపు, పాత తూము నోరుండే ముళ్లపొదల్లోకి పడుతూ లేస్తూ దిగాడు. యమున వెంటే దిగింది. అక్క కూడా దిగింది.

ఎన్నో ఏళ్లుగా అక్కడ చెమ్మ తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు రాళ్ల మధ్యనుంచి నీళ్లు వస్తున్నాయి. ధార పెద్దదేం కాదు, తొడ లావుంటుంది. నారాయణస్వామి దోసిలి పట్టి చూశాడు. దోసిట్లో కుంకుమ కలిపినట్టు ఎర్ర నీళ్లు. వేళ్ల సందులోంచి నీళ్లు కారిపోయాక అరచేతిలో మన్ను మిగిలింది.

"తేట నీళ్లు కారితే భయం లేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. విసుగంతా పోయి, వేరే మనిషిలా ఉన్నాడు. "మన్ను కలిసి వస్తోందంటే, కట్టే కరిగి వస్తోంది. ఇక ఇది మన చేతిలో పని కాదు. రేపా, ఇంకో గంటలోనా చెప్పలేను."

"ఇప్పుడేం సెయ్యల్ల?" మునిలక్ష్మే అడిగింది.

"మడుగు దించాలి. మొరవ దగ్గర లోతుగా కోసేస్తే నీళ్లు పక్క వంకలోకి దిగుతాయి, కట్ట మీద బరువు తగ్గుతుంది. మొరవ కింద బండ నేలే, ఆ వంకలో ఊళ్లు లేవు. పొక్లెయిను ఉంటే రెండు గంటల పని."

"మొరవ కాడికి నా సేలోనుంచే దావ," అంది మునిలక్ష్మి. కన్నీళ్లు తుడుచుకుని, నేరుగా ఆయన మొహంలోకి చూసింది. "టమాటా మీద పోనీండి సార్. తొక్కించేసి పోనీండి. బయ్యమ్మా! లెయ్యండ్రా అందురూ! కట్ట దిగండి! ఒక్కురూ కట్ట మీద ఉండగూడదు!"

నాలుగేళ్లు ఎవరూ ఎవరితోనూ కలవని చోట, ఆ ఒక్క నిమిషంలో అందరూ ఒకే మాట మీదికి వచ్చారు. క్రేట్లు చేతుల మీదుగా కిందికి దిగాయి. ఓబులప్ప తన చేతులతో తనే నాటిన కట్టెలు పీకి దారి చేయసాగాడు. ఆయన కళ్లలోకి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. యమున లారీ ఆగిన చోటికి పరుగెత్తి, "ఎల్లప్పా!" అని గట్టిగా పిలిచింది.

ఎల్లప్ప లేడు. లారీ లేదు. పొక్లెయిను లేదు. ఇందాకటి హడావిడిలో ఆమె అటు చూడనేలేదు. ఎర్ర నేల మీద వెడల్పాటి చక్రాల గుర్తులు మాత్రం రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.

వెనకాలే వచ్చిన నారాయణస్వామి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేనే పొమ్మన్నాను. గుంత చూసిన కంగారులో ఆ సంగతే మరిచిపోయాను," అన్నాడు. "ఆడవాళ్లు లేవరు, ఇవాళ పని జరగదనుకున్నా. కుప్పంలో సగం తవ్విన గుంత ఉంది సార్, పోయి రేపు రానా అన్నాడు ఎల్లప్ప. పొమ్మన్నాను."

యమునకు నవ్వు వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట వచ్చే నవ్వు. నాలుగేళ్లు రాని యంత్రం ఈ పొద్దు వచ్చింది. వచ్చిన యంత్రాన్ని అక్క ఆపింది. అక్క లేచేసరికి సార్ పంపించాడు. తిట్టడానికి మనిషి కూడా దొరకడు, అందరిలోనూ తలా ఒక పాలు.

నారాయణస్వామి సెల్‌ఫోను తీసి పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. సిగ్నలు లేదు.

"ఆ లారీ బండెద్దు మాదిరి పోతాది," అంది మునిలక్ష్మి. "పుంగనూరు దాటకముందే పట్టుకుంటా." అప్పుడే కాయ ఎత్తుకుపోవడానికి వచ్చిన టెంపోను ఆపి, డ్రైవరు ఏమిటి ఎందుకని అడిగేలోగా పక్కన ఎక్కి కూర్చుంది. కూర్చుని, తల బయటపెట్టి చెల్లెల్ని చూసింది. "నువ్వు ఊర్లోకి పో! అందుర్నీ గుట్ట మీదకి ఎక్కించు. ముందు మీ అత్తని మోపించు! పో మే!"

టెంపో దుమ్ము లేపుకుంటూ పోయింది. నారాయణస్వామి జీపును మేకలవారిపల్లె మగవాళ్ల కోసం పంపించి, గునపం దొరికితే చాలన్నట్టు మొరవ వైపు తానే నడిచాడు. యమున ఏటి ఒడ్డు వెంబడి ఊరి దారి పట్టింది.

దిగుడు దారి. ఎండిన ఏరు పక్కనే ఉంది, కాని ఇప్పుడు ఎండి లేదు. బండల మధ్య ఎర్రటి నీళ్లు, తలుపు తీస్తే ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషిలా, ఏ వైపు పోవాలో తెలియనట్టు తడుముకుంటూ, పల్లం దొరకగానే ఆమెకంటే ముందు పరుగెత్తుతున్నాయి. యమున ఎంత వేగంగా పోతే అవి అంతకంటే వేగంగా పోతున్నాయి. చెప్పు తెగింది. రెండోదీ వదిలేసింది. పరుగు మీద లెక్కలు వేసుకుంది. నంజమ్మను మంచంతో సహా ఎత్తడానికి నలుగురు కావాలి. భర్త పొలంలో ఉన్నాడో ఇంట్లో ఉన్నాడో. ఆవుల పలుపులు కోసేస్తే అవే గుట్టెక్కుతాయి. బడిలోంచే పిల్లల్ని గుట్ట మీదికి పంపేయాలి.

మలుపు తిరిగేసరికి పలక డప్పుల మోత వినిపించింది.

పండగ కాదు, పెళ్లీ కాదు. యమున ఆగకుండా పోయి, ఊరి దగ్గర ఒడ్డు మీదికి వచ్చి, చూసి, నిలువునా ఆగిపోయింది.

ఏటిగడ్డపల్లె ఊరు ఊరంతా ఏట్లో ఉంది. నీళ్లు ఆమెకంటే చాలా ముందే వచ్చి చేరాయి.

చీలమండల దాకా పారుతున్న ఎర్ర నీళ్లలో ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లుతున్నారు. ముసలివాళ్లు దోసిళ్లతో నెత్తిన పోసుకుంటున్నారు. ఏరంటే ఏమిటో తెలియని పిల్లలు బట్టలిప్పి బురదలో పొర్లుతున్నారు. ఎవరో బండ మీద కొబ్బరికాయ కొట్టారు. నంజమ్మను నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, ఏటి నడిమధ్యన ఎత్తైన బండ మీద దించారు. ఆమె రెండు చేతులూ జోడించి ఏడుస్తూ నీళ్ల వైపు చూస్తోంది.

"అదిగో, యమున!" అని ఎవరో కేక వేశారు. "మిషను పెట్టించింది! ఏరు తెచ్చింది మా తల్లి!"

పలకలు రెట్టింపయ్యాయి. బంతిపూల దండ పట్టుకుని పదిమంది ఒడ్డెక్కి ఆమె మీదికి వచ్చారు.

"ఎక్కండి!" అని అరిచింది యమున. "ఒడ్డెక్కండి! ఇది మనం తెచ్చిన నీళ్లు కాదు! కట్ట పోతాండాది! పైకెక్కండి!"

మోతలో ఆ మాటలు ఎవరికీ చేరలేదు. ఏదో మంచి మాట చెబుతోందనుకుని అందరూ చేతులు పైకెత్తి జవాబుగా కేకలు వేశారు. ఎవరో దండ ఆమె మెడలో వేసేశారు. యమున దండ తెంపి పారేసి, మనుషుల్ని తోసుకుంటూ, నంజమ్మ మంచం వైపు ఏట్లోకే దిగింది. నీళ్లు ఆమె మోకాళ్లకు తగిలాయి.

ఒడ్డునుంచి చూసినప్పుడు అవి చీలమండల దాకానే ఉన్నాయి.